గీత దగ్గర పట్టిన పాస్: శనివారం క్యాచ్, ఆదివారం ఎందుకు కాదు?

శనివారం కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పాస్ పట్టినవాడి ఒక్క కాలు మైదానం అంచు గీతకు లోపల పడితే క్యాచ్ ఇచ్చారు, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్) అలాంటిదే ఇవ్వలేదు, రిఫరీ పొరపాటా అని అడిగారు. పొరపాటు కాదు. కాలేజీలో, హైస్కూల్లో ఒక పాదం చాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. పాదాలకు బదులు మోకాలో మోచేయో వీపో లోపల ఆనినా సరే, ఒక్క మోకాలు రెండు పాదాలతో సమానం. అరచెయ్యి మాత్రం లెక్కలోకి రాదు. కానీ అదే చెయ్యి గీతకు తగిలితే అవుటే! తెల్ల గీత మొత్తం బయటి కిందే లెక్క, క్రికెట్ బౌండరీ తాడులాగే.

రీప్లేలో అందరూ ముందు కాళ్లు చూస్తారు. మీరు చేతులు చూడండి. బంతి చేతుల్లో కుదురుకున్న క్షణం దగ్గర ఆపి, అక్కణ్ణుంచి పాదాలు లెక్కపెట్టండి. బంతి ఇంకా తుళ్లుతుండగా వేసి ఎత్తేసిన అడుగు లెక్కకు రాదు. బంతి గాల్లో గీత దాటినా ఫర్వాలేదు, ఒళ్లు ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం. 2009 ఫిబ్రవరిలో టాంపాలో జరిగిన సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) చివర్లో పిట్స్‌బర్గ్ ఆటగాడు సాంటోనియో హోమ్స్ ఎండ్ జోన్ (మైదానం చివర, పాయింట్లు వచ్చే చోటు) మూలలో చేసిందిదే: ఒళ్లు బయటికి వాలిపోతున్నా రెండు కాళ్ల వేళ్లూ లోపలే ఆనించాడు. ఇప్పటికీ చూసి నేర్చుకోదగ్గ క్యాచ్ అది.

అసలు చిక్కంతా ఆ వేళ్ల దగ్గరే. వేళ్లు లోపల ఆని, అదే అడుగులో మడమ గీత మీద పడితే ఆ పాదం బయటే. మడమ దించకుండా వేళ్లను గడ్డి మీద ఈడ్చుకుపోతే చెల్లుతుంది.

బంతి పట్టి ఇంకా గాల్లో ఉన్నవాణ్ణి డిఫెండర్, అంటే ఎదుటి జట్టువాడు, బయటికి నెట్టేస్తే? నెట్టకపోతే లోపలే దిగేవాడని రిఫరీకి అనిపిస్తే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒకప్పుడు క్యాచ్ ఇచ్చేవారు. 2008లో ఆ నియమం తీసేశారు, ఊహ మీద తీర్పు చెప్పే బాధ తప్పింది. బంతి పట్టినవాణ్ణి కాళ్లు ఆననివ్వకుండా ఎత్తి బయటికి మోసుకెళ్తే మాత్రం ఇప్పటికీ క్యాచే.

ఇంకొకటి చాలామంది గమనించరు. తనంతట తాను గీత దాటి వెళ్లి తిరిగొచ్చిన రిసీవర్ (పాస్ పట్టే ఆటగాడు), రెండు కాళ్లూ లోపల పెట్టి పట్టినా బంతిని మొదట తాకింది అతనే అయితే చెల్లదు, ఆ డౌన్ (బంతిని ముందుకు తీసుకెళ్లడానికి జట్టుకిచ్చే ఒక ప్రయత్నం) పోతుంది. డిఫెండర్ ముందు తాకితే తర్వాత పట్టుకోవచ్చు. రిసీవర్ గీత దాటడం చూడగానే అక్కడి అధికారి తన టోపీ తీసి నేల మీద పడేస్తాడు. పాస్ గాల్లో ఉన్నప్పుడు ఆ టోపీ కోసం చూడండి.