హైస్కూలు అయ్యాక ఊళ్ళో ఉండాలా, వెళ్ళిపోవాలా?

ఒక చెల్లి అడిగిన ప్రశ్న ఇది: "టెన్త్ అయిపోయింది. మండలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరనా, విజయవాడ హాస్టల్‌కి వెళ్ళనా? ఊళ్ళో ఉంటే వెనకబడిపోతావని అందరూ భయపెడుతున్నారు."

ఉండమ్మా. ఇంటర్ అయ్యేదాకా ఉండు, ఆ తర్వాత ఎంత దూరమైనా వెళ్ళు. పద్దెనిమిదేళ్ళకి వెళ్ళేవాళ్ళు ఊరు ఏమిటో తెలిసి వెళ్తారు. పదిహేనేళ్ళకి పంపేస్తే అది తెలిసేలోపే ఊరు చేజారిపోతుంది.

మాది పొదిలి దగ్గర పల్లె. నాన్న బ్యారన్ పొగాకు వేసేవారు. బ్యారన్ అంటే కోసిన ఆకుని వేడితో ఆరబెట్టే గది. మా ఇంట్లో ఒక్కరి ఫీజుకే డబ్బు కుదిరింది, అది తమ్ముడి హాస్టల్ చదువుకి కట్టారు. ఆడపిల్లని కాబట్టి నాకు రోజూ బస్సెక్కి వెళ్ళే ప్రభుత్వ కాలేజీ. అప్పట్లో అందరూ నన్ను చూసి జాలిపడ్డారు.

ఒక ఆదివారం తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్ళాం. హాస్టల్ ముందు రేకుల షెడ్డు, దాని కింద వరసగా కూర్చుని క్యారేజీలు విప్పుతున్న తల్లులు. అమ్మ గారెలూ, కోడికూరా తెచ్చింది. టైమ్ అయిపోతుందేమోనని వాడు తలెత్తకుండా తిన్నాడు. చేయి కడుక్కుంటూ అడిగాడు: "అమ్మా, బర్రె ఈనిందా? పెయ్యా, దున్నా?"

ఆ బర్రెని అమ్మేసి అప్పటికి చాలా రోజులైంది. వాడి రెండో విడత ఫీజుకే అమ్మారు. నాన్న గేటు వైపు చూస్తూ ఉండిపోయారు. అమ్మ మాత్రం తడుముకోకుండా "పెయ్యేరా నాయనా, నల్లగా ఉంది" అంది. వాడి మొహం వెలిగిపోయింది. "అక్కా, నేనొచ్చేదాకా దాన్ని నువ్వు చూసుకో" అన్నాడు. సరేనన్నాను. తిరుగు ప్రయాణంలో ఒంగోలు వచ్చేదాకా ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇంటి కష్టం పిల్లాడి దగ్గర దాచాల్సి రావడమే ఆ హాస్టల్ చదువుల్లో నేను క్షమించలేని విషయం. మార్కుల గురించి కాదు నా కోపం.

నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి అన్నీ చూశాను. ఇంటర్ పరీక్షలూ, ఆకు కాల్చడమూ ఒకేసారి వచ్చేవి. రాత్రిళ్ళు బ్యారన్ దగ్గర నాన్న నిప్పు చూసుకుంటుంటే పక్కనే కూర్చుని బోటనీ చదివేదాన్ని. వేడి కాస్త అటూఇటూ అయినా ఆకు రంగు చెడుతుందనీ, రంగు చెడితే వేలంలో రేటు పడిపోతుందనీ, అప్పు మిగిలిపోతుందనీ అక్కడే అర్థమైంది. బైపీసీ తీసుకున్నదాన్ని బాపట్ల వ్యవసాయ కళాశాల వైపు నడిపించింది ఆ రాత్రులే. ఇప్పుడు రైతు సేవా కేంద్రంలో పనిచేస్తున్నాను. రైతు చెప్పేది నాకు సగం మాటలోనే అర్థమవుతుంది.

నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీటొస్తే వేరే సంగతి. 2008లో వాటిని పెట్టిందే పల్లె పిల్లల కోసం. ఇంట్లో బర్రె అమ్మాల్సిన పని ఉండదు, వెళ్ళు.

ఇక బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు, చాలా సంతోషం. కానీ మా పల్లెకి పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ పల్లెవెలుగు, అందులో సాయంత్రంది నమ్మకం లేదు. ల్యాబ్ ఉన్న రోజు అది తప్పితే ఆటోకి డబ్బులుండాలి, లేదా చీకట్లో నడవాలి. ఎంతమంది ఆడపిల్లలు దీనివల్లే చదువు మానేశారో ఎవరూ లెక్క రాయరు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. అదే పట్టుదల బస్సు మీద కూడా పెట్టాలి.

నువ్వు చేరేముందు ఆ కాలేజీకి ఒకసారి వెళ్ళి ఫిజిక్స్, మ్యాథ్స్ లెక్చరర్లు ఉన్నారో లేదో, ల్యాబ్ తాళం తీస్తున్నారో లేదో సీనియర్లని అడుగు. లెక్చరర్లు లేకపోతే పక్క మండలం కాలేజీ చూడు. సాయంత్రం బస్సు టైమ్ కూడా కనుక్కో.