తలుపు ఇవతల ఉన్నవాళ్ళని చూడు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో బరంపురంలో మీ డాబా మీద తెర కట్టి, పిల్లలందరికీ రాత్రంతా జాంబీ సినిమాలు, అంటే చచ్చి లేచి తిరిగే శవాల సినిమాలు, వేస్తావట. ఏవి వెయ్యాలో మావయ్యనే అడుగుతానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది అల్లుడూ. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పంపిన లిస్టు చూశాను. ఐదు సినిమాలు, ఐదింట్లోనూ గుంపులు గుంపులుగా శవాలే. ఐదు వద్దు. రెండు చాలు, మూడోది తెల్లవారుజామున మెలకువగా మిగిలినవాళ్ళకి. మొదటి శవాన్ని చూసి ఉలిక్కిపడ్డ కుర్రాడే వందో శవం వచ్చేసరికి సెల్లు తీసుకుంటాడు. సినిమా హాల్లో ఆపరేటర్‌గా ఉన్నన్నాళ్ళూ క్యాబిన్ కంతలోంచి నేను సినిమా కన్నా జనాన్నే ఎక్కువ చూశాను. రెండో ఆటలో దెయ్యం కనబడితే నేల టికెట్టువాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. ఎవరో తలుపు గడియ మీద చెయ్యి వేస్తే మాత్రం హాలంతా గప్‌చుప్. కింద పెట్టుకున్న కాళ్ళు బెంచీ మీదకి లాక్కునేవాళ్ళు. జాంబీ సినిమాలో రుచంతా ఆ గడియ దగ్గరే ఉంది. బయట ఉన్నవి ఏం చేస్తాయో మనకి ముందే తెలుసు. లోపలున్న నలుగురూ ఏం చేస్తారో తెలీదు. ఎంచుకునేటప్పుడు ఇదొక్కటీ చూసుకో.

అందుకే మొదట జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' వెయ్యి. 1968 నాటిది, నలుపూ తెలుపూ. పాతదని పిల్లలు మూతి ముడుస్తారు, పది నిమిషాలు ఓర్చుకోమను. ఒక పల్లెటూరి ఇల్లు, ఒక రాత్రి, లోపల ఏడుగురు, అంతే. బెన్ అనేవాడు కిటికీలకి పలకలు కొట్టి పైనే ఉందామంటాడు. కూపర్ అనే పెద్దమనిషి కింద నేలమాళిగలో దాక్కుందామంటాడు. కూపర్ పిరికివాడు, స్వార్థపరుడు, మనకి వాడంటే ఒళ్ళుమంట. కానీ తెల్లారేసరికి బెన్ ప్రాణం నిలిపింది ఆ నేలమాళిగే. మంచివాడి మాట తప్పై, చెడ్డవాడి మాట ఒప్పవడం నాకు ఎన్నిసార్లు చూసినా గుండెల్లో గుచ్చుకుంటుంది.

చివర ఏమవుతుందో నీకు చెప్తున్నాను, వేసేవాడివి కాబట్టి. పిల్లలకి చెప్పకు. రాత్రంతా పోరాడి బతికిన బెన్‌ని పొద్దున్నే తుపాకులతో కాపాడటానికి వచ్చినవాళ్ళే జాంబీ అనుకుని కాల్చేస్తారు. ఆ వేషం వేసిన డ్వేన్ జోన్స్ నల్లజాతి నటుడు. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన ఏడాదే, కొన్ని నెలలకే ఈ సినిమా వచ్చింది. అమెరికాలో జనం ఆ చివరి బొమ్మల్ని ఎలా చూసి ఉంటారో ఆలోచించు.

మనకి అమెరికా దాకా పోనక్కర్లేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా వీధిలో ఒక ముసలామెకి చిల్లంగి, అంటే చేతబడి, వచ్చని పుకారు పుట్టింది. ఒకరాత్రి కర్రలూ లాంతర్లూ పట్టుకుని జనం ఆమె ఇంటి మీదకి వచ్చారు. ఆమె దొడ్డిదారిన మా ఇంట్లోకి వచ్చేస్తే మీ అమ్మమ్మ వంటింట్లో ధాన్యం బస్తాల వెనక కూర్చోబెట్టింది. మీ తాతయ్య వీధితలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను కిటికీ సందులోంచి చూశాను. నాకు పటికబెల్లం ముక్క పెట్టే కొట్టు మావయ్య, నాకు జుట్టు కత్తిరించే ఆయన, మా మేష్టారి తమ్ముడు, అందరూ తెలిసిన ముఖాలే. ఒక్కరి కళ్ళల్లోనూ నన్ను గుర్తుపట్టిన జాడ లేదు. పొద్దెక్కేసరికి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. ఆ రాత్రి చూసింది నాకు మళ్ళీ కనబడింది ఈ సినిమాల్లోనే. తెలిసినవాడే, కానీ వాడు కాడు. మీ అమ్మమ్మకి ఈ సినిమా ఒకసారి చూపించాను. మాటలు అర్థం కాకపోయినా చివరిదాకా కదల్లేదు. మధ్యలో రెండుసార్లు "తలుపు తీయకండ్రా" అంది.

అసలు జాంబీ పుట్టిందీ అలాంటి భయంలోంచే. హైతీలో చెరుకు తోటల్లో ఫ్రెంచివాళ్ళ కింద ఆఫ్రికా బానిసలు చచ్చేదాకా చాకిరీ చేశారు. చచ్చాక కూడా ఎవరో లేపి పని చేయించుకుంటారేమోనన్నది వాళ్ళ దిగులు. ఆ జాంబీ ఎవరినీ కరవదు, తన మనసు తనది కాని మనిషి, అంతే. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ'లో అదే కథ. మనిషి మాంసం తినేలా చేసింది రొమేరో. విచిత్రమేమంటే ఆయన మొదటి సినిమాలో జాంబీ అన్న మాటే వినబడదు.

రెండోది 'ట్రైన్ టు బుసాన్'. 2016, కొరియా సినిమా, యోన్ సాంగ్-హో తీశాడు. దీన్ని మీ డాబా మీద వెయ్యాలని నాకు ఇంకో కారణం ఉంది. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైల్లో పెరిగినవాణ్ణి నేను. ఆ పెట్టెల్లో ఒకళ్ళు జరిగితే తప్ప ఇంకొకళ్ళు కూర్చోలేకపోయేవాళ్ళు. రైలంటే ఏమిటో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ సినిమాలో పెట్టె పెట్టెకీ ఒక తలుపు. జాంబీలు చీకట్లో చూడలేవు, సొరంగం రాగానే ఆగిపోతాయి. అద్దానికి తడి కాగితాలు అంటిస్తే మనుషులున్నారని మర్చిపోతాయి. ఇలాంటి చిన్న చిన్న నియమాలు ముందే చెప్పి, వాటికి కట్టుబడే సినిమానే మంచి సినిమా. అప్పుడు చూసేవాడు కూడా లోపల కూర్చుని ఉపాయం ఆలోచిస్తాడు.

ప్రాణాలకి తెగించి పెట్టెలు దాటి వచ్చినవాళ్ళని, బాగున్న పెట్టెలోవాళ్ళు లోపలికి రానివ్వరు. అక్కడ ఒక ముసలావిడ అద్దం అవతల తన అక్కని చూస్తుంది, అక్క అప్పటికే మారిపోయింది. ఆవిడ లేచి ఏం చేస్తుందో ఇది మాత్రం నీకు కూడా చెప్పను. ఆ సీన్లో వెనక్కి తిరిగి జనాన్ని చూడు, తెరని కాదు. సినిమా వేసేవాడికి దక్కే కూలి అదే.

పరిగెత్తే జాంబీయా, నడిచే జాంబీయా అని కుర్రాళ్ళు పోట్లాడుకుంటారు. నా ఓటు నడిచేదానికే, తప్పించుకునే దారి ఉన్నప్పుడే మనిషి తప్పు చేస్తాడు. డానీ బాయిల్ '28 డేస్ లేటర్'లో పరిగెత్తేవి శవాలు కావు, రోగం తగిలిన మనుషులు. అందులో ఖాళీ లండన్ వీధులు చాలు, తెల్లవారుజామున కాసేపు ట్రాఫిక్ ఆపి తీశారట. అది ఇంకోసారికి ఉంచు.

మూడోది జపాన్ 'వన్ కట్ ఆఫ్ ద డెడ్', 2017. మొదటి 37 నిమిషాలూ ఒకటే షాటు, చెత్తగా ఉన్నట్టనిపిస్తుంది. ఎవర్నీ లేవనివ్వకు, బతిమాలైనా కూర్చోబెట్టు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వుతారు, కళ్ళూ తడుస్తాయి. నువ్వు ఎప్పటికైనా సినిమా తీయాలనుకుంటున్నావని నాకు తెలుసు. సుమారు 30 లక్షల యెన్‌లతో తీశారు దాన్ని, అంటే మన దగ్గర ఒక పెద్ద పెళ్ళి ఖర్చు కన్నా తక్కువ.

తెలుగులోనే కావాలని ఎవరైనా పట్టుబడితే ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' (2021) పొద్దుపోకముందే వేసెయ్యి. రాయలసీమ ఫ్యాక్షన్ మధ్య జాంబీల్ని పెట్టడం మంచి ఊహ.

ఇక ఏర్పాట్లు. సౌండు పెద్దగా పెట్టకు, చిన్న చప్పుళ్ళు వినబడాలి. అందుకే సినిమా నడుస్తుండగా బరంపురం అప్పడాలు పంచకు, కరకరలో గడియ చప్పుడు పోతుంది. ఇంటర్వెల్లులో పెట్టు. వీధి దీపం తెర మీద పడకుండా దుప్పటి అడ్డం కట్టు. పదేళ్ళ లోపు పిల్లల్ని రొమేరో సినిమాకి ముందే పడుకోబెట్టు, అందులో ఒక చిన్నపిల్ల సంగతి వాళ్ళు తట్టుకోలేరు. మీ ఒరియా స్నేహితులూ వస్తారు కాబట్టి డబ్బింగు వద్దు, కింద అక్షరాలతో అసలు భాషలోనే వెయ్యి.

నేను ముందురోజు బస్సుకి బయల్దేరతాను. అమ్మమ్మ కూడా వస్తానంటోంది. ఆవిడకి మెట్ల తలుపు పక్కన కుర్చీ వెయ్యి, ఎలాగూ గడియ తనే పెడుతుంది.

మీ మావయ్య