జ్వరం తగ్గాక పాదం చల్లబడితే కాపడం వద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్ ఉంది. ఫ్లూ ముదిరి న్యుమోనియాతో పది రోజులు ఐసీయూలో ఉన్నారు. ఇంటికొచ్చిన వారానికి కుడి పిక్కలో విపరీతమైన నొప్పి మొదలైంది. నిన్నటి నుంచి పాదం చల్లగా, వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయి. బామ్ రాసి కాపడం పెడుతున్నాం. నీరసానికి ఏ విటమిన్ మాత్రలు వాడాలి?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, విటమిన్ల సంగతి తరువాత. ‘పాదం చల్లగా’ అన్న మాట చూడగానే మీకు ఫోను చేయించాను. ఈపాటికి ఆసుపత్రిలో ఉండాలి మీరు.

తీవ్రమైన వైరల్ ఇన్ఫెక్షన్‌లో రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తం తేలికగా గడ్డకడుతుంది. 2021లో కోవిడ్ రెండో దశలో ఇలా కాళ్లు నల్లబడి వచ్చినవారిని చూశాం. ఫ్లూ తరువాతా జరగవచ్చు. గడ్డ సిరలో (రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే నాళం) ఉంటే సాధారణంగా కాలు వాచి వెచ్చగా ఉంటుంది. ధమనిలో (గుండె నుంచి రక్తం తెచ్చే నాళం) పడితే కాలు పాలిపోయి, చల్లబడి, నాడి అందదు. చూడకుండా ఏదో తేల్చలేను. డాప్లర్ (రక్తం పారడాన్ని చూసే స్కాన్), అవసరమైతే సీటీ యాంజియో (రక్తనాళాల సీటీ స్కాన్) చేయాలి.

ధమని పూర్తిగా మూసుకుంటే కండరం ఓర్చుకునేది సుమారు ఆరు గంటలే. వెంటనే గడ్డ పెరగకుండా హెపారిన్ అనే మందు ఇస్తారు. తరువాత, చాలామందికి, గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి, కొసన బుడగ ఉన్న ఫోగార్టీ గొట్టాన్ని గడ్డ దాటించి, బుడగ ఉబ్బించి వెనక్కి లాగుతారు. ముదురు ఎరుపు గడ్డ జలగలా బయటికొస్తుంది. కొందరికి గొట్టం గుండా గడ్డ కరిగించే మందు సరిపోతుంది. రక్తం మళ్లీ పారాక కండరం ఉబ్బితే, దానిపై గట్టి పొరను చీల్చి ఒత్తిడి తగ్గించాలి. బాగా ఆలస్యమైతే కాలు తీసేయవలసి రావచ్చు.

ఇక ఆ కాపడం! షుగర్ కాలికి వేడి తెలియదు, రక్తం అందని చర్మం ఇట్టే కాలిపోతుంది. మొన్న ఒకాయన పాదానికి కట్టిన గుడ్డ విప్పితే గుప్పున బామ్ వాసన, కింద అరచేతంత బొబ్బ. మూడు రోజులు ఇంట్లోనే ఉంచారట. మర్దన కూడా వద్దు. మందుల దుకాణంలో అడిగి ఆస్పిరిన్ మింగడమూ వద్దు. ఎవరికైనా వచ్చిన జ్వరం డెంగ్యూ అయితే రక్తస్రావం కావచ్చు.

ఇలాంటి లక్షణాలున్నవారు 108కి ఫోను చేసి వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల శస్త్రచికిత్స డాక్టరు) ఉన్న చోటికే వెళ్లండి. పంజగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

అమ్మా, డిశ్చార్జి కాగితంలో రక్తం పలచబరిచే మందు రాశారా? మధ్యలో ఆపేశారా? మీరు ఆ మాట రాయలేదు. ఆపి ఉంటే, ఏ రోజు నుంచో అక్కడి డాక్టరుకు ముందుగా చెప్పండి.