బార్బడోస్ చక్కెర: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కరీబియన్ దీవి బార్బడోస్‌లో ఒక మోస్తరు చెరకు తోటకు కూడా సొంత గానుగ, పాకం కాచే శాల ఉండేవట. నలుగురూ కలిసి ఒకటి పెట్టుకుంటే ఖర్చు తగ్గేది కదా?

జవాబు: తగ్గేదే, కానీ చెరకు ఆగదు. కొట్టాక ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే పులుస్తుంది. పిండిన రసానికైతే గంటలే గడువు. పులిసిన రసాన్ని ఎంత కాచినా సరిగా పలుకు కట్టదు. బండ్ల మీద దూరం తోలేంత వ్యవధి ఎక్కడిది? అందుకే పొలం పక్కనే గాలిమర, దానితో తిరిగే మూడు రోలర్లు. పక్కన వరసగా రాగి బానలు, ఒకదాని కన్నా ఒకటి చిన్నవి. రసంలో సున్నం వేసి, తెట్టు తీస్తూ, చిక్కబడ్డకొద్దీ చిన్న బానలోకి తోడేవారు. సున్నం తగ్గితే పలుకు రాదు, ఎక్కువైతే రంగు, రుచి చెడతాయి. వేళ్ల మధ్య పాకం తీగ సాగగానే దించాలి, ఆలస్యమైతే మాడుతుంది. ఆ అదను పట్టేది బానిసగా ఉన్న పనివాడే. ఆరాక అడుగున చిల్లున్న కుండల్లో పోస్తే మడ్డి కారిపోయి చక్కెర మిగులుతుంది. మడ్డి రమ్ముకు పోయేది.

సీజనులో ఈ పని రాత్రీ పగలూ నడిచేది. నిద్రమత్తులో చెయ్యి రోలర్లలో పడితే నరకడానికి గొడ్డలి దగ్గర పెట్టుకున్న గానుగలూ ఉన్నాయి.

ఇంత సరంజామాకు పెట్టుబడి కావాలి. 1627లో ఇంగ్లీషువాళ్లు స్థిరపడ్డాక పొగాకు, పత్తి వేసిన చిన్న రైతులు 1640ల్లో చక్కెర రాగానే నిలవలేకపోయారు. 1647లో 500 ఎకరాల తోటలో సగం వాటాయే 7,000 పౌన్లు పలికింది. అడవులు కూడా కొన్ని దశాబ్దాల్లోనే హరించుకుపోయాయి; తర్వాత పొయ్యిలోకి ఎండిన పిప్పే గతి.

ప్రశ్న: 1834లో బానిసత్వం నుంచి విముక్తి వచ్చాక ఆ పనివాళ్లు తోటలు వదిలి ఎందుకు వెళ్లలేదు?

జవాబు: 1834 నామమాత్రం. ‘అప్రెంటిస్’ పేరుతో వెట్టి 1838 దాకా సాగింది. అన్ని కాలనీలకూ కలిపి బ్రిటన్ ఇచ్చిన 2 కోట్ల పౌన్ల పరిహారం యజమానులకే దక్కింది. మరో బ్రిటిష్ దీవి జమైకాలో కొండ ప్రాంతాలకు పోయి సేద్యం చేసుకునే వీలుంది. సుమారు 430 చదరపు కిలోమీటర్ల బార్బడోస్‌లో సాగుకు పనికొచ్చే నేలంతా అప్పటికే తోటలదే. పైగా 1840 చట్టం ఇంటి జాగాను పనితో ముడిపెట్టింది: ఆ తోటలో పని మానితే జాగా ఖాళీ చెయ్యాల్సిందే.

అందుకే అక్కడి పాత చెక్క ఇళ్లకు పునాది ఉండదు. వదులుగా పేర్చిన రాళ్ల మీద నిలుస్తాయి. వెళ్లమంటే పలకలు విప్పి బండికెత్తుకోవచ్చు. వాటికి ‘చాటెల్ హౌస్’ అని పేరు, అంటే చరాస్తి ఇల్లు.