ఉద్యోగం మానేసి హెచ్ఆర్ ఎంబీఏ: ఫీజుతోనే లెక్క అయిపోదు

ప్రశ్న: వయసు 31. కూకట్‌పల్లిలో ఉంటాం. మందుల కంపెనీలో హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్‌ని, జీతం చేతికి రూ.45 వేలు. ఈ మధ్య టీమ్ లీడర్ పోస్టు నాకు కాకుండా ఎంబీఏ ఉన్న జూనియర్‌కి ఇచ్చారు. ఉద్యోగం మానేసి రెండేళ్ల హెచ్ఆర్ ఎంబీఏ చేద్దామనుకుంటున్నా. ఒక ప్రైవేటు కాలేజీలో ఫీజు రూ.14 లక్షలు. రూ.8 లక్షలు విద్యా రుణం తీసుకుని, మిగతాది నా భార్య బంగారం మీద తెద్దామని ఆలోచన. సరైనదేనా?

జవాబు: మీ బాధ అర్థమైంది. కానీ ఈ లెక్క నాకు నచ్చలేదు.

రెండేళ్లు జీతం రాదు కదా, అదే రూ.10.8 లక్షలు. ఫీజుతో కలిపితే రూ.24.8 లక్షలు, వడ్డీ కాకుండా. చదువయ్యాక జీతం రూ.70 వేలు అయిందనుకుందాం. అదనంగా వచ్చే పాతిక వేలతో ఈ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లకు పైనే పడుతుంది. ఉద్యోగంలోనే ఉంటే ఎలాగూ పెరిగే జీతాన్ని ఇందులో తీసేయలేదు, తీసేస్తే ఇంకా ఆలస్యం.

రుణం సంగతి. రూ.7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. ఏటా నాలుగు లక్షల చొప్పున 10 శాతానికి తీసుకుంటే, చదువు, ఆపై వాయిదాలు కట్టక్కర్లేని ఏడాది ముగిసేసరికి అప్పు పది లక్షలవుతుంది. ఏడేళ్లకు ఈఎంఐ దాదాపు రూ.16,600. ఆదాయపు పన్ను చట్టం కింద వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని ఎవరో చెప్పే ఉంటారు. అది పాత పన్ను విధానంలోనే, అదీ విద్యా రుణానికే. బంగారం లోన్‌కి రాదు. పైగా బంగారం లోన్ గడువు చాలాచోట్ల ఏడాదే. అంటే జీతం లేని రోజుల్లో రెన్యువల్ టెన్షన్.

హెచ్ఆర్ చదువుకి పేరున్న ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ జంషెడ్‌పూర్‌లోనో, టిస్ ముంబైలోనో సీటు వస్తే మాత్రం వేరే మాట. క్యాంపస్‌కే పెద్ద కంపెనీలు వస్తాయి కాబట్టి ఇంతకన్నా పెద్ద అప్పుకైనా సరే అంటాను.

మీకు కావాల్సింది డిగ్రీయే అయితే ఉద్యోగం వదలక్కర్లేదు. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో హెచ్ఆర్ ఎంబీఏ మొత్తం ఫీజు లక్ష లోపే. ఉస్మానియాలో ఈవెనింగ్ ఎంబీఏ ఉంది. దూరవిద్య డిగ్రీని ప్రమోషన్‌కి లెక్కలోకి తీసుకుంటారా, ఫీజులో కొంత ఇస్తారా అని ముందు మీ మేనేజర్‌ని అడగండి. ఇస్తామంటే, అక్కడే ఎన్నేళ్లు పనిచేయాలని బాండ్ రాయించుకుంటారో చూసుకుని సంతకం పెట్టండి.

అయినా మానేస్తానంటే, రాజీనామాకి ముందే కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. కంపెనీ పాలసీ మీతోపాటే ఆగిపోతుంది. పీఎఫ్ ముట్టుకోవద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి, బంగారం బీరువాలోనే ఉండాలి.