ఉప్పు తిన్న ఆయిల్ చాంబర్

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. రాత్రి లారీ ఆపిన చోట తెల్లారేసరికి పళ్ళెమంత ఆయిల్ మరక పడుతోందన్నావు. చాంబర్‌కి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టికి, ఎం-సీల్ ముద్ద పెట్టేసి ఈ సీజన్ లాగించేద్దామా అని అడిగావు. వద్దురా. ఎందుకు వద్దో, ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీ బండి చినగంజాం కొటార్లలో ఉప్పు ఎత్తే బండి. ఆ ఉప్పు బురద చక్రాల దగ్గర్నుంచి చిమ్మి చాంబర్ అడుగున పేరుకుంటుంది. ఎండిపోయింది కదా అనుకుంటాం. కానీ ఉప్పు రాత్రిపూట గాలిలో తడిని లాక్కుని మళ్ళీ చెమ్మగిల్లుతుంది. లోపలి వైపు ఆయిల్ ఉంటుంది కాబట్టి రేకు బాగానే ఉంటుంది, తుప్పు బయటి నుంచి తింటూ వస్తుంది. అందుకే పైన పెయింటు పొక్కులా కనిపించిన చోట కింద రేకు కాగితంలా పలచబడి ఉంటుంది.

అయితే ముందు, కారేది చాంబరేనా అన్నది తేల్చుకో. పైన డోరు (ఇంజన్ పై మూత) ప్యాకింగు కారినా, ఫిల్టరు దగ్గర కారినా, వెనకాల క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) సీలు పోయినా ఆయిల్ చివరికి చాంబర్ మీదికే దిగి అక్కడి నుంచే చుక్కలు పడతాయి. బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి కూడా పాకుతుంది. ఇంజన్ని డీజిల్‌తో కడిగించు, బాగా ఆరనివ్వు. తర్వాత చాంబర్ చుట్టూ, పైన బ్లాకు (ఇంజన్ మొండెం) మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లు. ఇంజన్ వేడెక్కేదాకా నడిపి టార్చిలైటు వేసి చూడు. తెల్లటి పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు. ఈ చిన్న పని చేయకుండా చాంబర్ మార్చి, మళ్ళీ కారుతోందని తిరిగొచ్చిన బండ్లు ఆటోనగర్‌లో ఎన్ని చూశానో.

చాంబరే అని తేలితే, స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్ళు. గట్టి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు మెత్తగా, డొల్లగా పలుకుతుంది. డ్రెయిన్ నట్టు చుట్టూ, అంచు మడత పడే చోట ఎక్కువ చూడు. ఒక్కచోట సూదిమొన బెజ్జం ఉండి మిగతా అంతా ఖంగుమంటే వెల్డింగ్ చేయించుకోవచ్చు. నాలుగైదు చోట్ల డొల్ల పలికితే మాత్రం వెల్డింగ్ వద్దు. ఆ వేడికి పక్క రేకు కూడా కాలిపోతుంది, బెజ్జం పెద్దదవుతుంది. అప్పుడు చాంబర్ మార్చడమే.

ఎం-సీల్ సంగతి. నేను పనిలో చేరిన కొత్తలో ఒక ఓనరు తొందరపెడితే తుప్పు మీదే ముద్ద పెట్టి పంపాను. ఒంగోలు చేరకముందే అది ఊడిపోయింది. డ్రైవరు ఆయిల్ ప్రెషర్ గేజీ గమనించేలోపు బేరింగులు పోయాయి, క్రాంక్ గ్రైండింగుకు వెళ్ళింది. నెల రోజులు బండి షెడ్డులోనే. ఆ కుటుంబానికి ఆ బండి తప్ప వేరే ఆధారం లేదు. ముద్ద అనేది దారిలో ఇరుక్కున్నప్పుడు షెడ్డుదాకా రావడానికే. అప్పుడు కూడా డిప్‌స్టిక్కు (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మాటిమాటికీ చూసుకుంటూ రావాలి.

విప్పేటప్పుడు జాకీని నమ్మి కిందికి దూరకు. చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు, ఛాసిస్ కింద గట్టి కర్ర దిమ్మలు పెట్టాకే వెళ్ళు. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపు, మసిలేటప్పుడు వద్దు, చెయ్యి బొబ్బలెక్కుతుంది. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచితే తలలు తెగవు. ముందు యాక్సిల్ అడ్డొస్తే ఇంజన్ మౌంటింగులు (ఛాసిస్‌కు పట్టి ఉంచే బిగింపులు) వదులు చేసి ఇంజన్ని కాస్త లేపాల్సి వస్తుంది. ఆ పని ఒక్కడివే చేయకు, మేస్త్రీని పిలుచుకో. వెల్డింగ్ అయినా సరే చాంబర్ విప్పి, వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్ళతో జిడ్డంతా పోయేలా కడిగాకే. బండికి ఉండగానే వెల్డింగ్ చేస్తానని ఎవరన్నా అంటే దండం పెట్టి వచ్చేయ్.

వెల్డింగ్ అయ్యాక వెల్డింగ్ చిట్టెం, ఇనుప రజను లోపల ఒక్క రవ్వ కూడా మిగలకూడదు. తర్వాత చాంబర్‌ను ఇటుకల మీద పెట్టి, బయట అతుకు మీద సుద్దముక్క దట్టంగా రుద్ది, లోపల డీజిల్ పోసి రాత్రంతా వదిలేయ్. పొద్దున్నే సుద్ద మీద నల్లటి చెమ్మ కనిపిస్తే అతుకు పట్టలేదన్నమాట. సెకండ్‌హ్యాండ్ చాంబర్ కొన్నా ఇదే పరీక్ష చేయి, డ్రెయిన్ నట్టు మరలు కూడా వేలితో తడిమి చూడు.

చాలామంది వదిలేసేది అంచు. పాత మేస్త్రీలు బోల్టులు బలం కొద్దీ బిగించి ఉంటారు. దాంతో బోల్టు బెజ్జాల చుట్టూ రేకు పైకి ఉబ్బుతుంది. స్కేలు పెట్టి చూస్తే కింద వెలుతురు కనిపిస్తుంది. రైలు పట్టా ముక్క మీద అంచు ఆనించి, గుండు సుత్తితో చిన్న చిన్న దెబ్బలతో ఆ ఉబ్బు అణచాలి. ఇది చేయకుండా ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా కారుతుంది. పాత ప్యాకింగ్ ముక్కలు బ్లాకు మీద కూడా పూర్తిగా గీకెయ్. టైమింగ్ కవరు (ఇంజన్ ముందు మూత) బ్లాకును కలిసే మూలల్లో సీలెంటు సన్నగా ఒక గీత చాలు. ఎక్కువ పూస్తే లోపలికి ఊడిపడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది.

బోల్టులన్నీ ముందు చేత్తో పట్టించి, మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించు. ఎంత బిగించాలో నీ ఇంజన్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. చాలా ఇంజన్లలో ఈ 8 మిల్లీమీటర్ల బోల్టులకు 25 న్యూటన్ మీటర్లు దాటదు. అంటే 13 నెంబరు పానా మణికట్టు బలంతో తిప్పాలి గానీ భుజం బలంతో కాదు. డ్రెయిన్ నట్టుకు కొత్త రాగి వాషరు వేయి. సీలెంటు వాడితే ఆ రాత్రంతా ఆరనిచ్చి మర్నాడే ఆయిల్ పోయాలి. స్టార్ట్ చేశాక కొన్ని సెకన్లలో గేజీ లేవకపోతే వెంటనే ఆపేయ్.

చాంబర్ కొత్తదైనా పాతదైనా రెడ్ ఆక్సైడు, దాని మీద నల్ల ఎనామిల్ కొట్టించు. ఉప్పు లోడు దింపిన రోజు కింద నుంచి మంచినీళ్ళతో కడిగించు. దింపిన పాత ఆయిల్ కాలవలో పారబోయకు, డబ్బాలో పట్టి వేస్ట్ ఆయిల్ కొనేవాళ్ళకి ఇవ్వు.

చాంబర్ దింపగానే అడుగున మిగిలిన మడ్డి, పంపు జాలీ రెండూ ఫోటో తీసి నాకు పంపు. మడ్డిలో రాగి రంగు మెరుపు (బేరింగులు అరుగుతున్న గుర్తు) కనిపిస్తే మాత్రం చాంబర్ మళ్ళీ బిగించకు, నాకు ఫోన్ చెయ్యి. పొద్దున్నే బయల్దేరి వస్తాను.

మీ మామయ్య