నీళ్లు మరీ శుభ్రమైనా పగడాలు ముడుచుకుంటాయి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్న రొయ్యల చెరువులు చేస్తారు. నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రెండున్నర నెలల కిందట ఇంట్లో 40 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. రెండు క్లౌన్ చేపలు బాగానే ఉన్నాయి. నెల కిందట తెచ్చిన సాఫ్ట్ కోరల్స్‌తోనే (మెత్తటి పగడాలతోనే) ఇబ్బంది. వాటిలో జీనియా అనే రకం వారంలో కరిగిపోయింది. పుట్టగొడుగులా ఉండే టోడ్‌స్టూల్ లెదర్ పగడం పది రోజులుగా ముడుచుకుని, పైన మైనం పూసినట్టు మెరుస్తోంది. చిన్న పూలలా గుంపుగా పెరిగే జోవాంథిడ్లలో సగం తెరుచుకోవడం లేదు. ఇసుక మీద గోధుమరంగు పొడి పేరుకుంటోంది. అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ అన్నీ సున్నా. సూది హైడ్రోమీటర్‌లో సెలినిటీ (నీటి ఉప్పదనం) 1.025. ఎల్‌ఈడీ లైటు ఫుల్‌గా పెట్టాను. రెండు రోజులకోసారి నీళ్లు మారుస్తూ, అయోడిన్, కాల్షియం వేస్తున్నాను. లెదర్‌ను నాలుగు చోట్లకు మార్చి చూశాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు లెదర్ గురించి టెన్షన్ పడకండి. రొయ్య గుల్ల విడిచినట్టే ఇది కూడా అప్పుడప్పుడూ పైపొర విడుస్తుంది. ఆ మెరుపు అదే. వారంలో తేలిపోవచ్చు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. పొర కొట్టుకుపోయేలా పవర్‌హెడ్‌ను (తొట్టెలో నీటిని కదిలించే పంపును) కాస్త అటు తిప్పండి. ధార నేరుగా తగలకూడదు, చేత్తో గోకకూడదు. ఎక్కడైనా నల్లబడి, మెత్తబడి, కంపు కొడితే మాత్రం అది కుళ్లు. ఆ భాగాన్ని పదునైన బ్లేడుతో కోసి తీసేయాలి.

నాకు అనుమానం వచ్చింది మీరు సంతోషంగా రాసిన సున్నాల దగ్గర. అమ్మోనియా సున్నా ఉండాల్సిందే. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అయితే పగడానికి పస్తే. దీని కండలో కంటికి కనిపించని నాచు ఉంటుంది. అది వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. ఆ నాచుకు ఎరువు కావాలి. చెరువులో ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) రాకపోతే నాన్నగారు ఊరుకుంటారా? ఇక్కడా అంతే. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో చెప్పే లెక్క), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచండి. అందుకు మందులు కొనక్కర్లేదు. చేపలకు రోజుకు రెండుసార్లు మేత వేయండి, నీళ్లు వారానికోసారి పదిశాతం మాత్రమే మార్చండి. ఫాస్ఫేట్‌ను పీల్చే మీడియా ఏదైనా ఫిల్టర్‌లో ఉంటే తీసేయండి. జీనియా పోవడానికీ ఈ పస్తు, ఈ మార్పులే కారణమై ఉండొచ్చు.

గోధుమరంగు పొడి చాలావరకు డయాటమ్స్ అనే సూక్ష్మ నాచే. కొత్త తొట్టెల్లో మామూలు, దానంతటదే పోతుంది. అదే తీగలు సాగి, బుడగలు కట్టుకుని, జిగటగా ఉంటే డైనోఫ్లాజెల్లేట్లు అనే మరో రకం సూక్ష్మజీవులు అయి ఉండొచ్చు. అవి నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అయిన నీళ్లలోనే ఎక్కువగా విజృంభిస్తాయి.

సూది హైడ్రోమీటర్‌ను నమ్మకండి. సూదికి చిన్న బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. చెరువు గట్టు మీద మీరు చూసే ఉంటారు, నీటి చుక్కతో ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనండి. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూశాకే వాడండి. తొట్టె నీరు 35 పీపీటీ, అంటే 1.026 దగ్గర ఉండాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు కాబట్టి తగ్గినంత మేరా మంచినీరే పోయాలి. కుళాయి నీళ్లు పనికిరావు, రాగి ఉంటే పగడాలకు విషం. ఆర్‌వో డీఐ ఫిల్టర్‌లో పూర్తిగా వడకట్టిన నీరే పోయాలి, అందులో టీడీఎస్ (కరిగిన లవణాలు) సున్నా. సున్నా ఉండాల్సింది ఇక్కడ!

మీరు రాయనిది ఆల్కలినిటీ, అంటే నీటి క్షారత్వం. 8 నుంచి 9 డీకేహెచ్, మన చెరువుల లెక్కలో 140 నుంచి 160 పీపీఎం ఉందేమో చూడండి. అయోడిన్, కాల్షియం ఈరోజే ఆపండి. మీ సాఫ్ట్ కోరల్స్ రాతి పగడాల్లా గట్టి అస్థిపంజరం కట్టేవి కావు. వీటికి కావాల్సింది నీళ్లు మార్చేటప్పుడు కలిపే ఉప్పులోనే వస్తుంది. పరీక్షించకుండా మందు పోయడం ఆక్వాలో మనందరికీ ఉన్న జబ్బే.

లైటును సగానికి తగ్గించి, నెల రోజుల్లో మెల్లగా పెంచండి. లెదర్‌కు ఒక చోటు చూసి ఇక కదపకండి. అది పక్క పగడాలకు పడని రసాయనాలు వదులుతుంది, జోవాంథిడ్లు ముడుచుకోవడానికి అదీ ఒక కారణం కావొచ్చు. ఆ రసాయనాలను పీల్చేలా ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేక బొగ్గు) పెట్టి నెలకోసారి మార్చండి. రాత్రి ఎర్ర టార్చి వేసి జోవాంథిడ్ల మీద చిన్న నత్తలేమైనా మేస్తున్నాయేమో కూడా చూడండి.

ఇది చదివి మన తీరంలో ఎవరైనా సముద్రం నుంచి పగడాలు తెచ్చుకోవాలనుకుంటే వద్దు. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, కేసవుతుంది.

మూడు వారాలయ్యాక కొత్త రీడింగులు రాసి పంపండి. అప్పటిదాకా తొట్టెలో వీలైనంత వరకు చెయ్యి పెట్టకండి. పెట్టక తప్పకపోతే గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకోండి. కొన్ని జోవాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే చాలా తీవ్రమైన విషం ఉంటుంది. అవి పెరిగిన రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో ఉడికించకండి. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రుల పాలైనవాళ్లు ఉన్నారు.